ఒక కంటి మీద చెయ్యి

నలభై సిటీ బస్సుల్లో బిగించిన నలభై పెట్టెలూ తొమ్మిది రోజులుగా ఒక్కసారి కూడా మోగలేదనీ, ఆఫీసులో అందరూ అందుకు మిఠాయిలు పంచుకుంటుంటే వాటిని బిగించిన ఇంజనీరమ్మకు మాత్రం ముద్ద దిగడం లేదనీ పోయిన వారం చూశాం. ఈ రోజు పది గంటలకు అదే అమరిక, పెట్టెలు బిగించి సిద్ధంగా ఉంచిన ఊళ్లోని నాలుగు వందల బస్సులకూ వెళ్లబోతోంది. తన భయం ఏమిటో ఆ లోపల తనకైనా తెలియాలి. అందుకే ఎవరితోనూ చెప్పకుండా, లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని, పొద్దున్నే ఇరవై ఏడో నంబరు బస్సు ఎక్కింది. ఆ బస్సు నడిపేది వాళ్ల నాన్న. పదకొండు రోజులుగా ఆమెతో ముక్కలు ముక్కలుగా తప్ప మాట్లాడని నాన్న. ఆమె మెట్టు మీద కాలు పెట్టగానే ఆయన అద్దంలోంచి చూసి ఒకే ఒక్క మాట అన్నాడు.

“టికెట్.”

“పాసుంది నాన్నా.”

“చూపించాలి. లోపలికి జరగాలి. మెట్టు మీద నిలబడకూడదు.”

“ఇంజనీరు గారికి కూడా రూల్సేనా బాబాయ్?” అంది కండక్టరమ్మ, వెనక నుంచి జనాన్ని తోసుకుంటూ వచ్చి.

“రూల్సు రాసిందే ఇంజనీరు గారు. ఆవిడకి కాక ఇంకెవరికి?”

కండక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంజనీరమ్మ పాసు తీసి చూపించింది. కండక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, ఫొటోనీ మొహాన్నీ మార్చి మార్చి చూసి, “సరిపోయింది. కాస్త చిక్కినట్టున్నావు” అని తిరిగి ఇచ్చింది.

డ్రైవరు సీటు వెనక ఒంటి సీటు ఖాళీగా ఉంది. చిన్నప్పుడు సెలవుల్లో ఆమె కూర్చునే సీటు అదే. ఇంట్లో అల్లరి భరించలేక వాళ్లమ్మ ఆమెను నాన్నతో పంపేసేది. రోజంతా ఆ సీట్లో కూర్చుని ఆయన మెడ వెనక భాగం, అద్దంలో ఆయన కళ్లు, పక్కగా కనిపించే ఆయన ఎడమ చెయ్యి చూస్తూ ఊరంతా తిరిగేది. ఇప్పుడు ఆ మెడ మీద వెంట్రుకలు నెరిశాయి. కాలరు లోపల వాళ్లమ్మ వేసిన చేతికుట్టు కనబడుతోంది. ఒక మనిషి వీపు వెనక ఇన్ని గంటలు కూర్చున్నది తాను, ఆ మనిషి ఏం ఆలోచిస్తాడో ఒక్కసారి కూడా అడగలేదేమో అనిపించింది ఆమెకు. అడగాలని అనిపించనంత దగ్గరగా ఉండటం వల్ల కావచ్చు.

మీటర్ల పైన ఆ పెట్టె ఉంది. టిఫిన్ డబ్బా అంత పెట్టె. దాని ముందు భాగాన ఆకుపచ్చ దీపం. ముఖ్యమైన మలుపుల దగ్గర, జనం రోడ్డు దాటే చోట్ల నిలబెట్టిన స్తంభాలతో అది మాట్లాడుతుంది. మలుపు అవతల ఎవరైనా రోడ్డు మీద అడుగుపెడితే, స్తంభానికున్న కెమెరా చూసి చుట్టుపక్కల బస్సులకు చెబుతుంది. ముందు బస్సు గట్టిగా బ్రేకు వేస్తే ఆ కబురు కూడా స్తంభం మీదుగానే వెనక బస్సుకు చేరుతుంది. కబురు అందగానే దీపం ఎర్రబడి పెట్టె కీచుమంటుంది. డ్రైవరు కంటికి కనబడకముందే మనిషి ఉన్నట్టు తెలుస్తుంది. మూడేళ్లు ఆ పని మీదే ఉంది ఆమె. మొదటి నెల పెట్టెలు రోజుకు ముప్పై సార్లు మోగాయి. ఆమె ఒక చిన్న సవరణ చేసింది. అప్పటి నుంచి మోగలేదు. డ్రైవర్లు జాగ్రత్తపడ్డారని పెద్ద మేడం మీటింగులో చప్పట్లు కొట్టించింది.

బస్సు కదిలింది. కిటికీ గాజు పలకలు అమ్మే దుకాణం ముందు ఇద్దరు మనుషులు నిలువెత్తు పలకను ప్రాణంలా మోసుకుంటూ దాటుతుంటే నాన్న బస్సు ఆపి, వాళ్లు అవతలికి చేరేదాకా ఊపిరి బిగబట్టినట్టు చూశాడు. డిపోలో ఆయన పేరు ‘నిదానం’. కొత్తవాళ్లు ‘నిదానం మామ’ అంటారు. వెనక ఎవరో కారు హారన్ కొట్టారు.

“వాడికి పెళ్లిచూపులు కాబోలు,” అన్నాడు నాన్న ఎవరితోనో అన్నట్టు.

అద్దంలో ఆయన కళ్లు ఒక్క క్షణం ఆమె మీద ఆగి తప్పుకున్నాయి. ఆ చూపులో కోపం లేదు. అదే ఆమెకు అర్థం కానిది. కోపం ఉంటే తీర్చుకోవచ్చు. పదకొండు రోజులుగా ఇంట్లో ఆయన తనను చూసి, ఏదో దాచుకున్న పిల్లాడిలా పక్కకు తప్పుకుంటున్నాడు.

ఆయన ఎడమ మణికట్టుకు రబ్బరు బ్యాండు ఉంది. టికెట్ల కట్టకు వేసే ఎర్ర బ్యాండు. దాని కింద చర్మం సన్నగా కమిలి ఉంది. మరిచిపోకుండా ఉండటానికి ఏదో గుర్తు పెట్టుకున్నాడేమో అనుకుంది.

రైలు వంతెన దాటగానే రోడ్డు గోడ వెంట మెలిక తిరుగుతుంది. ఆ గోడ అవతల కంటి ఆసుపత్రి, దాని ఎదురుగా బస్‌స్టాపు. మలుపు తిరిగేదాకా అవతల ఏముందో దేవుడికి కూడా తెలియదని డ్రైవర్లు అంటారు. ఆమె తన మొదటి స్తంభాన్ని నిలబెట్టింది అక్కడే.

వంతెన దగ్గర మరో ఇరవై ఏడో నంబరు ఎదురొచ్చింది. నడుపుతున్నది మీసాల మామ. చిన్నప్పుడు ఆమెను భుజాల మీద ఎక్కించుకుని డిపో అంతా తిప్పినవాడు. నాన్నను చూడగానే మామ ఎడమ చెయ్యి స్టీరింగు మీద నుంచి లేచింది. గుండెల ఎత్తుకు వచ్చింది. అంతలో వెనక సీట్లో ఉన్న ఆమెను చూశాడు. వేడి పెనం తగిలినట్టు చెయ్యి కిందికి లాక్కున్నాడు. రెండు చేతులతో చక్రాన్ని పట్టుకుని, కాపీ కొడుతూ దొరికిన కుర్రాడిలా బిగుసుకుపోయి, అలాగే దాటిపోయాడు.

ఆమెకు నవ్వొచ్చింది. తన ఉత్తర్వు ఇంత బాగా పనిచేస్తోందన్నమాట. పదకొండు రోజుల కిందట వచ్చిన ఆ ఉత్తర్వు కాయితం నాన్న ముందు అద్దం పైన కూడా అంటించి ఉంది: ‘బస్సు నడుపుతూ ఎదుటి బస్సువారిని పలకరించడానికి చెయ్యి ఎత్తరాదు. రెండు చేతులు స్టీరింగు మీదనే ఉండవలెను.’ కింద అధికారుల సంతకాల పక్కన, సిఫార్సు చేసినవారి చోట ఆమె పొడి సంతకం.

అప్పుడు బస్సు వేగం తగ్గింది.

ముందు రోడ్డు ఖాళీగా ఉంది. దీపం ఆకుపచ్చగా ఉంది. పెట్టె నోరు మెదపలేదు. అయినా నాన్న బ్రేకు మీద కాలు నెమ్మదిగా నొక్కుతూ, మనిషి నడిచే వేగంతో మలుపు తిప్పాడు.

రోడ్డు మధ్యలో ఒక ముసలాయన. ఒక కంటికి తెల్లటి దూది కట్టు. బస్సు వస్తున్నది ఆ కట్టున్న వైపు నుంచే. ఆయన తన చేతి సంచిలోకి చూసుకుంటూ, ఇంట్లో వసారాలో నడుస్తున్నట్టు నడుస్తున్నాడు. బస్సు ఆయనకు రెండు బారల దూరంలో ఆగింది. ఆయన తల కూడా తిప్పలేదు. దాటి వెళ్లిపోయాడు.

ఆమె పెట్టెను చూసింది. ఆకుపచ్చ. స్తంభం ఇరవై అడుగుల దూరంలో, కెమెరా కన్ను సరిగ్గా ఆ ముసలాయన మీదే పెట్టి నిలబడి ఉంది. అయినా ఆకుపచ్చే.

చివరి స్టాపు వచ్చేదాకా ఆమె ఆ దీపం మీద నుంచి చూపు తిప్పలేదు.

జనం దిగిపోయారు. నాన్న ఇంజన్ ఆపాడు. పన్నెండు నిమిషాలు విరామం. కండక్టరమ్మ టీ తెస్తానని దిగింది. ఖాళీ బస్సులో ఇద్దరే మిగిలారు. ఆయన మెత్తటి గుడ్డ తీసి మీటర్ల అద్దం తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు.

“ఎందుకు ఆపావు నాన్నా?”

“మనిషి ఉన్నాడుగా.”

“మలుపు తిరగకముందే స్లో చేశావు. అప్పటికి మనిషి కనబడలేదు. పెట్టె మోగలేదు. నీకెలా తెలిసింది?”

“అలవాటు.”

“రోజూ అక్కడ అంత స్లో చేస్తావా?”

“అలా చేస్తే ఈ ట్రిప్పు సాయంత్రానికి గానీ పూర్తవదు.”

“మరి ఇవాళ?”

ఆయన గుడ్డ మడిచాడు. మళ్లీ విప్పాడు. “వాడు చెయ్యి ఎత్తబోయి దించాడుగా. ఎత్తబోయాడంటే ఏదో ఉన్నట్టేగా.”

“మీసాల మామా? ఆయన నీకు నమస్తే పెట్టబోయాడు. నన్ను చూసి మానేశాడు.”

నాన్న మొదటిసారి వెనక్కి తిరిగి, నేరుగా ఆమె మొహంలోకి చూశాడు. ఆ చూపులో జాలి లాంటిది ఏదో ఉంది. అది తన మీదో ఆయన మీదో ఆమెకు తెలియలేదు.

“మేం ముప్పై ఏళ్ల నుంచి రోజుకి నలభై సార్లు నమస్తేలు పెట్టుకుంటున్నామని అనుకున్నావా అమ్మడూ?”

పదకొండు రోజుల తర్వాత ఆ పిలుపు. ఆమె నిజంగా అలాగే అనుకుంది. స్టీరింగు కింద తాను అతికించిన సెన్సరు పట్టీ, చెయ్యి ఎన్నిసార్లు లేచిందో లెక్క చెప్పేది. ఆ చెయ్యి లేచి ఏం చేస్తోందో పట్టీకి తెలియదు. ఆమె తన గదిలో కూర్చుని, చిన్నప్పటి సీటు గుర్తు తెచ్చుకుని, ‘పలకరింపు’ అని రాసేసింది. ఇంట్లో అమ్మ వేసే జోకు కూడా గుర్తొచ్చింది అప్పుడు: ‘మీ నాన్న ఊరందరికీ చెయ్యి ఊపుతాడు, గుమ్మంలో నిలబడిన నాకు తప్ప.’

నాన్న ఎడమ చెయ్యి ఎత్తాడు. అరచెయ్యి తెచ్చి తన ఎడమ కంటి మీద పెట్టుకున్నాడు. “ఇది కంటాసుపత్రి. కట్టు కట్టుకున్నవాళ్లు రోడ్డు మీద ఉన్నారని. అటు నుంచి వచ్చేవాడు చూసి, ఇటు నుంచి వెళ్లేవాడికి చెబుతాడు.” చెయ్యి దించి సీటు ఎత్తున చాపాడు. “ఇది బడి పిల్లలు.” వేళ్లు వణికించాడు. “ఇది రోడ్డు మీద నూనె కారింది, జారుతుందని. ఇంకా ఉన్నాయి. ఎవరూ నేర్పలేదు, అవే వచ్చాయి.”

కంటి మీద చెయ్యి. అప్పుడు ఆమెకు ఎనిమిదేళ్లు. వెనక సీట్లో కూర్చుని ఉంది. నాన్న ఉన్నట్టుండి ఒక కన్ను మూసుకునేవాడు. ఆమె కూడా గబుక్కున మూసుకునేది. అద్దంలో ఆయన నవ్వేవాడు. అది తమ ఇద్దరి ఆట. బడిలో ఎవరికీ చెప్పని ఆట.

“అది… నాతో ఆడుకునేవాడివి కదా?”

“నువ్వు ఆట అనుకున్నావని తెలుసు. అనుకోనీలే అని ఊరుకున్నా. రోడ్డు మీద మనుషులు ఎలా పోతారో ఎనిమిదేళ్ల పిల్లకెందుకు?”

కండక్టరమ్మ మూడు గ్లాసులు వేళ్ల మధ్య ఇరికించుకుని ఎక్కింది. ఇద్దరి మొహాలూ చూసి, గ్లాసులు ఇంజన్ మూత మీద పెట్టింది. “చెప్పేశావా బాబాయ్? హమ్మయ్య. నా కడుపు ఉబ్బిపోతోంది ఇన్ని రోజులూ.”

“నాకు ఎందుకు చెప్పలేదు నాన్నా? ఈ కాయితం రాగానే ఎందుకు చెప్పలేదు?”

నాన్న టీ గ్లాసు అందుకుని దాంట్లోకి చూస్తూ మాట్లాడాడు. “పెట్టె బిగించిన రోజు నువ్వు మీ అమ్మకీ నాకూ చెప్పావు గుర్తుందా? ఇక నుంచి బండ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, ప్రపంచంలో ఇదో కొత్త సంగతి అన్నావు. నీ మొహం చూశాను. మేం ఎప్పటి నుంచో మాట్లాడుకుంటూనే ఉన్నాం అని ఎలా చెప్పను? పైగా నీ పెట్టె గోడ అవతలికి చూస్తుంది. మా చెయ్యి చూడలేదు. మాకంటే అదే మేలు అనుకున్నా.”

“మిగతా డ్రైవర్లు? వాళ్లు మాత్రం ఊరుకున్నారా?”

“ఊరుకుంటారా!” అంది కండక్టరమ్మ. “నోటీసు బోర్డు మీద కాయితాలు ఎవరు చదువుతారమ్మాయ్ మా దగ్గర? టీ గ్లాసు కింద వేసుకుంటారు. మీ నాన్నే రెస్టు రూములో ఒక్కొక్కళ్లనీ బతిమాలాడు. మా పిల్ల పేరు మీద వచ్చిన కాయితం, దాన్ని మీరు లెక్కచెయ్యకపోతే దాని పరువు పోతుంది అన్నాడు. నిదానం ఎవర్నీ ఏదీ అడిగి ఎరగడు కదా, అందరూ సరేనన్నారు. అయినా అలవాటు పోతుందా? ఈ రబ్బరు బ్యాండు నేనే ఇచ్చాను. చెయ్యి లేచినప్పుడల్లా లాగి వదులు బాబాయ్ అన్నాను. మా చిన్నాడు గోళ్లు కొరుక్కోవడం అలాగే మానేశాడు.”

ఆమె ఆ మణికట్టు వంక చూసింది. ఆ కమిలిన గీత తను చేసింది. తను రాసిన ఒక్క వాక్యం ఆయన ఒంటి మీద అచ్చుపడింది. ఆయన దాన్ని చొక్కా చేతి కింద దాచుకుంటూ ఇంట్లో తనను తప్పించుకు తిరిగాడు.

“మొన్న మీసాలాయన బండి అద్దం ఒకాయన భుజానికి రాసుకుపోయింది,” అన్నాడు నాన్న. “దెబ్బేం తగల్లేదు. రిపోర్టు రాయలేదు. నీ పెట్టె మీదికి వస్తుందని.”

“నాన్నా!”

“తప్పే. కాదనను.”

ఆమె ఏడుస్తుందేమో అని ఇద్దరూ భయపడ్డారు. ఆమె ఏడవలేదు. లాప్‌టాప్ తీసింది. ఎందుకంటే ఇందాకటి నుంచి మనసులో ఒక మూల ఇంకో లెక్క తనంతట తాను జరుగుతోంది, అది ఇప్పుడు చివరి అంకె దగ్గరికి వచ్చింది.

“నాన్నా, పెట్టెలు పెట్టిన మొదటి నెల. అప్పటికి మీరు చేతులు ఎత్తుతున్నారు కదా?”

“అప్పుడింకా కాయితం రాలేదుగా.”

“అంటే స్తంభం చెప్పకముందే మీకు తెలిసిపోయేది. ముందే బ్రేకు వేసేవారు.”

“వేస్తాం మరి.”

ఆమె కళ్లు మూసుకుంది. ఆ నెల రికార్డు చూసినప్పుడు ఆమెకు మతిపోయింది. హెచ్చరిక టైము స్తంభం రాస్తుంది. బ్రేకు టైము పెట్టె రాస్తుంది. అన్ని బస్సుల్లోనూ హెచ్చరిక కంటే ముందే బ్రేకు పడింది. కబురు అందకముందే కాలు ఎలా కదులుతుంది? కదలదు. కాబట్టి పెట్టెల గడియారాలు వెనకబడి ఉండాలి. ఎంత వెనకబడ్డాయో లెక్కేసింది. ఒకచోట మూడు సెకన్లు, ఇంకోచోట ఆరు. గడియారం తప్పయితే అన్నిచోట్లా ఒకటే రావాలి కదా అని అప్పుడే ఒక చిన్న అనుమానం తల ఎత్తింది. దాన్ని ఆమె వినదలుచుకోలేదు. మనుషులు ఆ పని చేస్తున్నారనే ఊహ కన్నా యంత్రం తప్పు అనే ఊహ తనకు సుఖంగా ఉంది, సరిదిద్దడం చేతనవును గనక. సగటు తీసింది. నాలుగు సెకన్లు. నలభై పెట్టెల గడియారాల్నీ నాలుగు సెకన్లు ముందుకు జరిపింది.

“గడియారం సరిగ్గానే ఉంది నాన్నా. నేనే పాడుచేశాను.”

ఆమె చెప్పింది. రెండు సెకన్లకు మించి పాతబడిన కబురును పెట్టె నమ్మదు, పారేస్తుంది. ఆ ఏర్పాటు కూడా తనదే. పెట్టె నాలుగు సెకన్లు ముందు నడుస్తోంది గనక స్తంభం ఇప్పుడే చెప్పిన మాట కూడా దానికి నాలుగు సెకన్ల కిందటిది. అందుకే తొమ్మిది రోజులుగా ఒక్క కబురు కూడా లోపలికి వెళ్లలేదు. దీపం ఆకుపచ్చగానే ఉంటుంది, ఎందుకంటే పెట్టె లెక్కలో అంతా బాగానే ఉంది.

నాన్న టీ గ్లాసు కింద పెట్టాడు. “ఇవాళ్టి పేపర్ని నిన్నటిది అనుకుని విప్పకుండా పక్కన పడేస్తోంది. అంతేగా?”

“అంతే.”

“ఒక్క మాట నన్నడిగి ఉంటే సరిపోయేది అమ్మడూ.” అన్నాక, తనే తల అడ్డంగా ఊపాడు. “నేనూ ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.”

“ఇద్దరూ ఒకే అచ్చు,” అంది కండక్టరమ్మ. “మీ ఇంట్లో పాపం ఆ తల్లి ఎలా వేగుతోందో.”

ఆమె పెద్ద మేడంకు ఫోన్ చేసింది. అటు నుంచి సంబరపడుతున్న గొంతు. “ఎక్కడున్నావు నువ్వు? పదింటిదాకా ఎందుకని, పొద్దున డిపోల్లో బళ్లు బయల్దేరకముందే నీ అమరిక నాలుగొందలకీ ఎక్కించేశారు! చేతుల ఆర్డరు కూడా అన్నిట్లో అంటించేశారు!”

ఆమె విషయం చెప్పింది.

“వెనక్కి తీసుకోవడం ఇప్పటికిప్పుడు కుదరదు కదా,” అంది మేడం, చిన్న గొంతుతో. “నడుస్తున్న బండి అమరిక దూరం నుంచి ముట్టుకోకూడదని నువ్వే రూలు పెట్టించావు. సాయంత్రం డిపోకి వచ్చి ఇంజన్లు ఆపితే గానీ… నాకో గంట టైమివ్వు. మలుపుల దగ్గర మనుషుల్ని నిలబెట్టిస్తాను.”

గంట. తొమ్మిది కావస్తోంది. పొద్దున కట్లు విప్పించి, మందు వేయించుకుని, మళ్లీ కట్టించుకున్నవాళ్లంతా ఆసుపత్రి గేటులోంచి బయటికి వచ్చే వేళ.

కండక్టరమ్మ అప్పటికే తన ఫోన్లో కండక్టర్ల గ్రూపుకు గొంతు రికార్డు చేస్తోంది. “అందరూ వినండి, పెట్టె మోగదు, మోగదు, డ్రైవరు చెవిలో చెప్పండి, మళ్లీ చేతులు ఎత్తమనండి, ఇంజనీరు గారే చెబుతున్నారు…” ఆపి, “కండక్టరు లేని బండ్ల సంగతేంటి? కొత్త కుర్రాళ్లవి?” అంది. వాళ్లకు కబురు చేరే దారి ఎవరికీ తోచలేదు.

నాన్న లేచి అద్దం పైన అంటించిన కాయితాన్ని గోటితో నాలుగు మూలలా జాగ్రత్తగా లేపాడు. చిరగకుండా ఊడదీశాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

“పారెయ్యనులే. నీ సంతకం ఉంది.”

ఆయన బండి ఇంజన్ ఆగే ఉంది గనక ఆ ఒక్క పెట్టెను ఆమె అక్కడికక్కడే సరిచేసింది. తీగ తగిలించి, నాలుగును సున్నా చేయడానికి నిమిషం కూడా పట్టలేదు. తప్పు చేయడానికి కూడా అంతే పట్టింది. రబ్బరు బ్యాండు తీసేయమని ఆమె చెయ్యి చాపింది. ఆయన తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె దాన్ని తన మణికట్టుకు తొడుక్కుంది.

తిరుగు ప్రయాణం. ఈసారి ఆమె సీట్లో కూర్చోలేదు. నాన్న పక్కన, ముందు అద్దం దగ్గర నిలబడింది. ఆయన వద్దనలేదు.

ఆసుపత్రి గోడ కనబడేసరికి పెట్టె కీచుమంది. దీపం ఎర్రగా వెలిగింది. తొమ్మిది రోజుల తర్వాత ఆ గొంతు. నాన్న కాలు అప్పటికే బ్రేకు మీద ఉంది. అయినా ఆయన మొహం విప్పారింది.

“మాట్లాడింది!” అన్నాడు, ఉయ్యాలలో పిల్ల మొదటి మాట పలికినట్టు.

ఐదారుగురు రోడ్డు దాటుతున్నారు. అందరికీ ఒక్కో కంటికి తెల్లటి కట్టు. వాళ్లు దాటాక బస్సు కదిలింది. ఆమె అద్దంలోంచి వెనక్కి చూసింది. గేటులోంచి ఇంకొందరు వస్తున్నారు. అందరికంటే ముందు, కట్టు కట్టిన ఒక పెద్దావిడ, చేతికర్రతో రోడ్డు అంచును తడుముతూ, ఎవరి కోసమూ ఆగకుండా కాలు దించుతోంది.

మలుపు దాటారు. వంతెన దగ్గర ఎదురుగా ఒక బస్సు, మంచి వేగంలో.

“నా రెండు చేతులూ చక్రం మీదే ఉండాలని రాశావు,” అన్నాడు నాన్న రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పకుండా. “ఉంచుతాను. ఆ చెయ్యి నువ్వెత్తు.”

ఆమె చెయ్యి ఎత్తింది. అరచేత్తో ఒక కన్ను మూసుకుంది. ఎనిమిదేళ్లప్పుడు మూసుకున్నట్టే. మిగిలిన కంటితో ఆ బస్సును చూసింది. నడుపుతున్నది కొత్త కుర్రాడు. ఎప్పుడూ చూడని మొహం. లోపల కండక్టరు లేడు. అతని ముందు కొత్తగా అంటించిన తెల్ల కాయితం. దాని కింద పెట్టె. దాని ముందు ఆకుపచ్చ దీపం.

కుర్రాడు ఆమెను చూశాడు. కన్ను మూసుకుని తమాషా చేస్తున్న అమ్మాయి. అతను పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. స్టీరింగు మీద నుంచి చెయ్యి తీసి, ఎంతో మర్యాదగా ఊపాడు.

ఊపి, దాటిపోయాడు.

నాన్న హారన్ మీద అరచెయ్యి వేసి అదిమిపెట్టాడు. అద్దంలో ఆ బస్సు వెనక భాగం గోడ మలుపు అవతలికి మాయమైంది. ఆమెకు తెలియకుండానే ఆమె పెదవులు లెక్కపెట్టడం మొదలుపెట్టాయి.

ఒకటి. రెండు. మూడు.